ఫ్రీ ట్రైనింగుల్లో ఏది పట్టుకోవాలి? రాయగడ, గజపతి జిల్లాల వాళ్లకి కొన్ని లెక్కలు

ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురంలో నాది జిరాక్స్ షాపు. అందులోనే ఒక మూల జన సేవా కేంద్రం కౌంటర్. కరెంటు బిల్లు కట్టేవాళ్ల నుంచి రేషన్ కార్డులో పేరు ఎక్కించుకునేవాళ్ల దాకా అందరూ వస్తారు. ఈ మధ్య ఎక్కువగా వస్తున్నది ట్రైనింగ్ కాగితాలు పట్టుకుని. కుర్రాళ్లకి నేను చెప్పేదేమీ లేదు, వాళ్లకి ఫోన్‌లోనే అన్నీ తెలుసు. ముప్పై దాటి, పిల్లలున్న, కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే వాళ్లు వచ్చి అడిగినప్పుడే నాకు టెన్షన్. నేను ఒక మాట తప్పుగా చెబితే వాళ్లకి మూడు నెలల కూలి పోతుంది.

మొన్న వేసవిలో ఒకామె మూడు కాగితాలు కౌంటర్ మీద పరిచింది. పుట్టిల్లు పాతపట్నం వైపు, ఏడో తరగతి వరకు తెలుగులో చదివింది, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. వయసు 33. టిఫిన్ షాపులో గిన్నెలు కడుగుతోంది. ఒక కాగితం బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనిది. మూడు నెలలు హాస్టల్‌లో ఉండి నేర్చుకోవాలి. రెండోది ఒక స్వచ్ఛంద సంస్థ ఊళ్లోనే రోజూ మధ్యాహ్నం నేర్పే టైలరింగ్. మూడోది బ్యాంకు వాళ్ల శిక్షణ. "మూడూ ఫ్రీయేనట అన్నియ్యా. ఏటి మంచిది?" అంది.

మూడూ ఫ్రీయే, నిజమే. కానీ ఫ్రీ అంటే ఫీజు లేదని మాత్రమే. ఖర్చు వేరే ఉంది. 2024-25లో ఒడిశాలో ఉపాధి హామీ రోజు కూలి 254 రూపాయలు. (అదే ఏడాది సరిహద్దు దాటి కొత్తూరు వైపు వెళితే 300. ఆ తేడా గురించి మాట్లాడుకోని రోజు మా షాపులో ఉండదు.) ఆమె కూలి కూడా 254 అనుకుందాం. నెలకి 26 రోజుల చొప్పున మూడు నెలలు పని మానేస్తే 78 రోజులు. 254తో గుణిస్తే 19,812 రూపాయలు. ఆమె ఫ్రీ ట్రైనింగ్ ఖరీదు దాదాపు ఇరవై వేలు. ఆ ఇరవై వేలు ఎవరు పెట్టుకుంటారు, ట్రైనింగ్ అయ్యాక అవి ఎన్నాళ్లకి తిరిగొస్తాయి అన్నదే నేను చూసే మొదటి లెక్క. కోర్సు పేరు ఆ తర్వాత.

ఇల్లు వదిలి వెళ్లగలిగితే

హాస్టల్ కాగితం దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనది. మనవాళ్లు డీడీయూ అంటారు. 2014లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ మొదలుపెట్టింది. ఒడిశాలో దాన్ని చూసేది ఓర్మాస్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. నేర్పేది మాత్రం ప్రభుత్వం కాదు, దానితో ఒప్పందం చేసుకున్న సంస్థలు. వాటిలో స్వచ్ఛంద సంస్థలూ ఉంటాయి, కంపెనీలూ ఉంటాయి. పల్లెల్లో ఉండే పేద కుటుంబాల వాళ్లకే ఇది. వయసు 15 నుంచి 35. ఆడవాళ్లకి, దివ్యాంగులకి, డొంగ్రియా కొంధుల్లాంటి ఆదిమ తెగల వాళ్లకి 45 దాకా. ఉపాధి హామీలో ఇంట్లో ఎవరైనా ముందటేడు 15 రోజులు పని చేసి ఉన్నా, అంత్యోదయ కార్డున్నా, మహిళా సంఘంలో సభ్యురాలైనా అర్హత వస్తుంది.

దీని బలం ఉద్యోగం. నేర్పిన వాళ్లలో కనీసం 70 శాతం మందికి పని చూపించాలని సంస్థకి షరతు ఉంటుంది. అందుకే వీళ్లు మన వెంట పడతారు. దీని బలహీనత కూడా అదే. ఆ పని ఎక్కువగా మన దగ్గర ఉండదు, తిరుప్పూరులోనో బెంగళూరులోనో ఉంటుంది. రాయగడలో జేకే పేపర్ మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, అటు టికిరి వైపు అల్యూమినా ఫ్యాక్టరీ ఉన్నా, మూడు నెలల కుట్టుపని సర్టిఫికెట్‌కి అక్కడ చోటు దొరకదు.

కాబట్టి పెళ్లికాని వాళ్లకి, లేదా పిల్లల్ని అమ్మమ్మ దగ్గర పెట్టి భార్యాభర్తలిద్దరూ వెళ్లగలిగిన వాళ్లకి, డీడీయూ కంటే మంచిది నాకు కనబడలేదు. తిండి, హాస్టల్, యూనిఫాం అన్నీ వాళ్లే చూస్తారు. పనిలో చేరాక కూడా కొన్ని నెలలు చేతికి కొంత డబ్బు వచ్చే ఏర్పాటుంది. అది ఎంత, ఎన్ని నెలలు అన్నది చేరకముందే కాగితం మీద చూపించమని అడగండి. జీతం ఎంతని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. రూమ్ అద్దె, మెస్ కోసిన తర్వాత చేతికి ఎంత వస్తుందని అడగండి. ఆ రెండు అంకెలకీ మధ్య నేను చూసిన తేడా చిన్నది కాదు.

చిన్న పిల్లలున్న తల్లికి మాత్రం ఈ కాగితం నేను పక్కన పెట్టించాను.

ఊళ్లోనే ఉండి నేర్చుకోవాలంటే

రెండో కాగితం జన శిక్షణ్ సంస్థాన్‌ది. ఇది పాత మొక్క. 1967లో బొంబాయిలో శ్రామిక్ విద్యాపీఠ్ పేరుతో మిల్లు కార్మికుల కోసం మొదలైంది. 2000లో పేరు మారింది. 2018లో నైపుణ్యాభివృద్ధి శాఖ కిందికి వచ్చింది. ఒక్కో సంస్థాన్‌ని నడిపేది ఒక స్వచ్ఛంద సంస్థ, డబ్బిచ్చేది కేంద్రం. అసలు చదువు రాని వాళ్లకి, ఎనిమిది లోపు ఆగిపోయిన వాళ్లకి, బడి మధ్యలో మానేసిన వాళ్లకి అని రాసి పెట్టి ఉన్న పథకం ఇది. వయసు 15 నుంచి 45. క్లాసులు పల్లెల్లో, బస్తీల్లో చిన్న చిన్న సెంటర్లలో రోజుకి కొన్ని గంటలే జరుగుతాయి. పొద్దున్న గిన్నెల పని చూసుకుని మధ్యాహ్నం వెళ్లొచ్చు. ఆ ఇరవై వేల నష్టం ఇక్కడ సగానికి పైగా తగ్గిపోతుంది. నా లెక్కలో దీని అసలు విలువ అదే.

కానీ పని చూపించాలన్న షరతు ఇందులో డీడీయూలో ఉన్నంత గట్టిగా లేదు. నేర్చుకున్నాక మీ బతుకు మీరు చూసుకోవాలి. టైలరింగ్ అయితే ఇంకో చిక్కు. గుణుపురంలో ఏ వీధిలో చూసినా ఇద్దరు టైలర్లుంటారు. జాకెట్టు కుట్టడం వస్తే చాలదు. లైనింగ్ జాకెట్టు, మగ్గం వర్క్, స్కూల్ యూనిఫాం, వీటిలో ఏదో ఒకటి బాగా రావాలి. అందుకే సెంటర్‌లో అడగాల్సింది కోర్సు పేరు కాదు, చివరి నెలలో ఏం కుట్టిస్తారు అని. "పేపర్ మీద కటింగ్" అని చెబితే ఇంకో సెంటర్ చూసుకోవచ్చు.

బ్యూటీషియన్ కోర్సు గురించి కూడా చాలామంది అడుగుతారు. పెళ్లిళ్ల సీజన్‌లో డబ్బులొస్తాయి, మిగతా రోజుల్లో రావు. ఇంట్లో ఇంకో సంపాదన ఉన్నవాళ్లకి పర్లేదు.

సొంతంగా ఏదైనా పెట్టుకోవాలనుకుంటే

బ్యాంకు శిక్షణ అంటే ఆర్‌సెటీ. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. 1982లో కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో ధర్మస్థల ట్రస్టు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన రుడ్‌సెటీ దీనికి మూలం. అది బాగా నడిచిందని కేంద్రం జిల్లాకి ఒకటి చొప్పున పెట్టమని బ్యాంకులకి చెప్పింది. కోర్సుని బట్టి పది రోజుల నుంచి నెలన్నర దాకా ఉంటుంది. తిండి, బస ఫ్రీ. కోళ్లు, మేకలు, పుట్టగొడుగులు, మొబైల్ రిపేరు, కుట్టుపని, ఫాస్ట్‌ఫుడ్ లాంటివి నేర్పుతారు.

ఇక్కడ పని నేర్పడం కంటే బ్యాంకుతో మాట్లాడటం నేర్పడమే ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది. లెక్క రాసుకోవడం, ప్రాజెక్టు రిపోర్టు, లోన్ అప్లికేషన్ అన్నీ చూపిస్తారు. ట్రైనింగ్ అయిపోయాక రెండేళ్ల పాటు మన వెనక ఉండి చూడాలన్నది వీళ్ల పద్ధతి. ఉపాధి కోసం ఇచ్చే పీఎంఈజీపీ లోనుకి వెళ్తే పల్లెల్లో ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల్లాంటి వాళ్లకి 35 శాతం సబ్సిడీ ఉంటుంది, జనరల్ కేటగిరీ వాళ్లకి 25.

ఎవరికి వద్దంటానంటే, ఇంటి మీద ఇప్పటికే అప్పున్న వాళ్లకి. మైక్రోఫైనాన్స్ వాళ్లు వారం వారం గుమ్మం దగ్గరికి వచ్చే ఇంట్లో లోన్ కోసం ట్రైనింగ్ తీసుకుంటే, ఆ లోన్ డబ్బు కోళ్ల మీదికి వెళ్లదు, పాత అప్పు మీదికి వెళ్తుంది. ఎన్నిసార్లు చూశానో. కాగితాలు నింపే చేతులు నావే కాబట్టి చెబుతున్నాను.

ఇప్పటికే పని వచ్చినవాళ్లు ట్రైనింగ్ వెతుక్కోవద్దు

ఇది నేను ఎక్కువ చెప్పాల్సిన మాట, ఎందుకంటే ఎవరూ అడగరు. ఇరవై ఏళ్లుగా తాపీ పని చేస్తున్న మావయ్య ఒకాయన కొడుకు బలవంతం మీద ఎలక్ట్రీషియన్ కోర్సుకి అప్లికేషన్ పెట్టమని వచ్చాడు. 46 ఏళ్లు. చేతులు చూస్తేనే తెలుస్తోంది, సిమెంటు తిని వేళ్ల చివర చర్మం పగిలి ఉంది. "కొత్తగా ఏటి నేర్చుకుంటావు మావయ్యా, ఉన్నదానికే డబ్బులిస్తుంటే?" అన్నాను.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకంలో తాపీ మేస్త్రీ, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి, దర్జీ, బుట్టలల్లేవాళ్లు, చేపల వలలు చేసేవాళ్లు సహా 18 వృత్తులున్నాయి. 18 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. మొదటి శిక్షణ వారం లోపే. ఆ రోజుల్లో రోజుకి 500 రూపాయలు స్టైపెండ్ ఇస్తారు. అంటే ఉపాధి హామీ కూలి కంటే ఎక్కువే. పనిముట్లకి 15,000 రూపాయలు. తర్వాత అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష వరకు లోన్, అది కట్టాక రెండు లక్షల వరకు. ఇంటికి ఒక్కరికే. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే రాదు. నమోదు జన సేవా కేంద్రంలోనే. వేలిముద్ర పడాలి. మావయ్యకి పడటానికి గంటన్నర పట్టింది, కొబ్బరి నూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టి. సిమెంటు చేతులకి ఇది మామూలే, కంగారు పడొద్దు.

నమోదు అవ్వగానే అయిపోయినట్టు కాదు. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ఒకసారి, జిల్లాలో ఒకసారి, చివర్లో స్క్రీనింగ్ కమిటీ దగ్గర ఒకసారి పరిశీలన ఉంటుంది. అక్కడ ఆగిపోతే వెళ్లి కనుక్కోవాల్సింది మనమే.

ఐటీఐ గురించి ఒక్క మాట. దానికి పై వయసు హద్దు లేదు, వెల్డర్ ఏడాది, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. బరంపురం ఐటీఐ పాత ఇనుముతో పెద్ద పెద్ద బొమ్మలు చేసి పేరు తెచ్చుకుంది. చదువు బాగుంటుంది. కానీ రెండేళ్లు ఇల్లు ఎవరు నడుపుతారు? అది మీ తమ్ముడికి, కొడుక్కి చూడండి.

స్వచ్ఛంద సంస్థ అయితే మంచిదేనా?

చాలామంది ఇది అడుగుతారు, జవాబు అవును కాదు అని ఒక్క ముక్కలో రాదు. గంజాం జిల్లా మోహుదాలో 1979 నుంచి ఉన్న గ్రామ్ వికాస్‌ని చూడండి. మంచినీళ్ల ట్యాంకులు, మరుగుదొడ్లు కట్టే పని ఊళ్లలోకి తెచ్చినప్పుడు ఆ ఊరి వాళ్లకే తాపీ పని నేర్పింది. నేర్చుకున్నవాడి ఎదురుగానే కట్టాల్సిన గోడ ఉంది. కూలీగా ఇటుకలు మోసినవాడు మేస్త్రీ అయ్యాడు. ట్రైనింగ్ అంటే నాకు గుర్తొచ్చేది అది. నేర్చుకునే చోటే పని ఉండటం.

సరిహద్దు అవతల జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ రాజాంలో ఏళ్లుగా వృత్తి శిక్షణ ఇస్తోంది. కంపెనీ సేవా నిధులతో నడిచే ఇలాంటి వాటిలో మనకి ఒక లాభం ఉంది, పాఠం తెలుగులో జరుగుతుంది. మనది ఒడిశా అడ్రస్ అయితే తీసుకుంటారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు పాలకొండ బస్సెక్కండి.

సంస్థ సొంత డబ్బుతో, దాతల డబ్బుతో నడిచేదైతే నియమాలు కాస్త వంగుతాయి. వయసు ఒక ఏడాది దాటినా, రేషన్ కార్డులో పేరు లేకపోయినా మాట్లాడుకోవచ్చు. ప్రభుత్వ డబ్బుతో నడిచేదానిలో అలా కుదరదు. కానీ దాతల డబ్బు ఏడాదికేడాది మారుతుంది. నిరుడు ఉన్న సెంటర్ ఈ ఏడు ఉండదు. ఆర్నెల్ల కోర్సు ఇస్తున్నారంటే ఆర్నెల్లకి డబ్బుందా అని మొహమాటపడకుండా అడగండి. మంచివాళ్లయితే చెబుతారు.

మా పెదనాన్న కొడుకు సంగతి చెప్పాలి. ఏళ్ల కిందట ఒక సెంటర్ వాళ్లు ఆస్పత్రిలో పని అని తీసుకెళ్లారు. మూడు నెలలు నేర్పారు, బాగానే నేర్పారు కూడా. పని చూపించింది మాత్రం ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు కట్టే పని. వాడు మూడు నెలలు అక్కడ ఉన్నాడు. నాలుగో నెలలో సెంటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. పని చూపించామని లెక్కలో రాసుకోవడానికి వాళ్లకి కావలసింది ఆ మూడు నెలలే అని మాకు తర్వాత అర్థమైంది. అప్పటి నుంచి నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట, పోయిన బ్యాచ్‌లో నేర్చుకున్న ఇద్దరి ఫోన్ నంబర్లు అడగమని. గోడ మీద ఫొటోలున్న వాళ్లవి కాదు. మీ ఊరి చుట్టుపక్కల వాళ్లవి. ఇవ్వకపోతే అక్కడితో ఆపేయండి.

డిపాజిట్ అని, యూనిఫాం అని, సీటు ఖాయం అని డబ్బు అడిగితే అప్పుడూ ఆపేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు వాళ్ల దగ్గర పెట్టకండి. జిరాక్స్ చాలు. ఇది జిరాక్స్ షాపు వాడు చెబుతున్నాడని నవ్వుకోండి, పర్లేదు.

భాష, కాగితాలు

సరిహద్దులో ఉన్నందుకు మనకి వచ్చే తలనొప్పి ఇది. సెంటర్‌లో పాఠం ఒడియాలో ఉంటుంది. మాట్లాడటం మనందరికీ వస్తుంది, సంతలో బేరం కూడా ఒడియాలోనే ఆడతాం. చదవడం, రాయడం వేరు. తెలుగు బడిలో చదువుకున్న వాళ్లు చివర్లో థియరీ పరీక్ష దగ్గర ఆగిపోతారు. అందుకని చేరేముందే అడగాలి, పరీక్ష రాతలోనా, నోటితోనా, తెలుగు తెలిసిన టీచర్ ఉన్నారా అని. గుణుపురం, పర్లాకిమిడి లాంటి చోట్ల మేస్టార్లలో ఎవరో ఒకరికి తెలుగు వచ్చే ఉంటుంది. బరంపురంలో కూడా. లోపలికి పోయిన కొద్దీ తగ్గుతుంది.

ఆంధ్ర నుంచి కోడలుగా వచ్చిన ఆడవాళ్లది ఇంకా పెద్ద చిక్కు. ఆధార్‌లో పుట్టింటి అడ్రస్, రేషన్ కార్డులో పేరు పుట్టింట్లోనే, కుల ధ్రువీకరణ ఆంధ్ర తహసీల్దారుది. ఎస్సీ, ఎస్టీ వాళ్లకి ఒక రాష్ట్రం ధ్రువీకరణ ఇంకో రాష్ట్రంలో రిజర్వేషన్‌కి చెల్లదు. కాబట్టి ట్రైనింగ్ నోటిఫికేషన్ చూశాక కాదు, ఈ రోజే మొదలుపెట్టండి. ముందు ఆధార్ అడ్రస్, దాని తర్వాత పుట్టింటి కార్డులో పేరు తీయించడం, ఆ తర్వాత ఇక్కడ ఎక్కించడం. వరస తప్పితే రెండు చోట్లా పేరు లేకుండా పోతుంది, నెలల తరబడి బియ్యం రావు.

ఆ టిఫిన్ షాపు ఆమె కాగితాలూ అలాగే ఉన్నాయి. ఆధార్ ఒక్కటి మార్పించి, ఊళ్లో టైలరింగ్ నేర్పే సెంటర్లు రెండున్నాయి, రెండూ చూసి రమ్మన్నాను. మిషన్లు లెక్కపెట్టు, తొక్కి చూడు, ఎవరైనా ఏమైనా అంటే చేరడానికే వచ్చానని చెప్పు అన్నాను. నాలుగు రోజులకి వచ్చింది. మొదటి దాంట్లో పన్నెండు మిషన్లున్నాయి గానీ నాలుగింటికి సూదుల్లేవట. రెండో దాంట్లో ఎనిమిదే ఉన్నాయట, ఎనిమిదీ నడుస్తున్నాయట, ఒక ముసలామె కూర్చుని స్కూల్ యూనిఫాం నిక్కర్లు కుడుతోందట.

"ఆ నిక్కర్లు ఎవరివో అడిగాను అన్నియ్యా. ఆర్డర్‌వట."

ఆ సెంటర్ అప్లికేషన్ నింపడానికి పది నిమిషాలు పట్టింది. రేషన్ కార్డు పేరు మాత్రం ఇంకా పుట్టింట్లోనే ఉంది. పాతపట్నంలో వాళ్లన్నయ్య వెళ్లి అడుగుతున్నాడు.